నాలుగో దెబ్బ మింగేసిన పిల్ల

ముప్పై ఏళ్ళకు పైగా మృదంగం మాస్టారుగా జీతం తీసుకున్నాను. అన్నేళ్ళలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో అన్నిటికంటే చెత్త మాట ఏదని ఎవరైనా అడిగితే తడుముకోను. "మీ అమ్మాయికి లయ లేదండీ" అన్నాను ఒక తండ్రితో. ఆ అమ్మాయి పక్కనే నిలబడి వింటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల.

ఇది చదివేవాళ్ళలో కొత్తగా సంగీతం క్లాసుల్లో చేరిన కుర్ర మాస్టార్లూ, టీచరమ్మలూ ఉంటారు. ముఖ్యంగా మీకోసమే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆ పిల్ల ఇప్పుడు టెన్త్ చదువుతోంది. పేరు రాశానంటే ఫోన్ చేసి మరీ దెబ్బలాడుతుంది. నా పేరు కూడా మీకు అక్కర్లేదు. మా పాఠశాలలో చదివినవాళ్ళకి "ఆ కోపిష్టి మృదంగం మాస్టారు" అంటే చాలు, వెంటనే చెవి తడుముకుంటారు.

మా సంగీత పాఠశాల బెజవాడలో, కాలవ గట్టుకి రెండు వీధుల అవతల ఉండేది. గుణదల నుంచి స్కూటర్ మీద వచ్చేవాణ్ణి. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్ళుంది. మృదంగం క్లాసు బాగా పలచబడిపోయింది. వచ్చినవాళ్ళందరికీ కీబోర్డు కావాలి, లేదంటే గిటారు కావాలి. మా దగ్గర చేరేవాళ్ళలో సగంమంది పక్క గదిలో పాటకి సీటు దొరక్క వచ్చినవాళ్ళే. బయటూళ్ళ పిల్లల కోసం ఆదివారం పొద్దున ఒక క్లాసు పెట్టాం. నలుగురొస్తే పండగ. నిజం చెప్పాలంటే నాకే ఉత్సాహం చచ్చిపోయింది. గడియారం చూసుకుంటూ పాఠం చెప్పేవాణ్ణి. అలా చెప్పేవాడి దగ్గర ఎవడు నేర్చుకుంటాడండీ?

ఒక ఆదివారం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చేతులు రెండూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నేను హడలిపోయి లేచాను.

"కంగారు పడకండి మాస్టారూ, ఇది రంగండీ" అన్నాడు నవ్వుతూ. "మాది పెడన. కలంకారీ అద్దకం పని. ఎంత తోమినా వదలదండీ."

ఆ పిల్ల నా వైపు చూడనేలేదు. దాని కళ్ళన్నీ నా మృదంగం మీదే ఉన్నాయి. నేనప్పుడే ఎడమ వైపు మూతకి రవ్వ అంటిస్తున్నాను. తెలియనివాళ్ళకి చెప్తాను. మృదంగం వాయించే ముందు బొంబాయి రవ్వని నీళ్ళతో తడిపి, ముద్ద చేసి, ఎడమ మూత మధ్యలో బిళ్ళలాగా అంటిస్తాం. అప్పుడు గానీ ఆ వైపు నుంచి 'తొం' అనే నిండు నాదం రాదు. వాయించడం అయిపోగానే గీకి తీసేస్తాం. రోజూ ఇదే తంతు.

"మాస్టారూ, దానికి ఉప్మా పెడుతున్నారా?" అంది ఆ పిల్ల.

నాకు నవ్వాగలేదు. "అవునే అమ్మాయ్, తినకపోతే పలకదు ఇది" అన్నాను.

"ఎంత తింటది?"

"నీ పిడికెడు."

"అయితే నేను పెట్టనా?"

అలా చేరింది మా క్లాసులో. వాళ్ళ ఊళ్ళో గుడి దగ్గర హరికథ చెప్తుంటే మృదంగం వాయించినాయన్ని చూసిందట. అప్పట్నుంచి ఇంట్లో బిందె, బకెట్టు, నాన్న వీపు, దేన్నీ వదలట్లేదట. "దీని బాధ పడలేక తెచ్చానండీ" అన్నాడు తండ్రి. ఆదివారం తెల్లారగట్ల బందరు వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కి వచ్చేవారు ఇద్దరూ. క్లాసు జరిగినంతసేపూ ఆయన వరండాలో బల్ల మీద కూర్చునేవాడు.

ఇక పాఠం సంగతి. ఏ మాస్టారైనా మొదట నాలుగు దెబ్బల పాఠంతోనే మొదలుపెడతాడు. తకధిమి, తకధిమి. నాలుగు అక్షరాలు, నాలుగు దెబ్బలు, సమానమైన ఎడంతో. మా గురువుగారు నాకు అలాగే చెప్పారు, ఆయనకి వాళ్ళ గురువుగారు అలాగే చెప్పారు. ఈ పిల్ల చెయ్యి చూస్తే ముచ్చటేసేది. ఎడమ చేతి దెబ్బ గట్టిగా, లోతుగా పడేది. అంత చిన్న చేతికి అంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమయ్యేది కాదు. కానీ నాలుగో దెబ్బ మింగేసేది. తకధి... తకధి... తకధి... 'మి' ఉండదు. మూడు దెబ్బలు కొట్టి మళ్ళీ మొదటికి వచ్చేసేది.

"నాలుగోది ఏదే?" అనేవాణ్ణి.

"కొట్టానండి."

"ఎక్కడ కొట్టావు? నాకు వినపడలేదే!"

"ఏమోనండి, నాకైతే అయిపోయింది" అనేది అమాయకంగా.

ఒక వారం ఓపిక పట్టాను. రెండు వారాలు పట్టాను. నా ఓపిక సంగతి మీకు తెలీదు, అది మహా అయితే పావుగంట. నోటితో చెప్పించాను, చేతితో తాళం వేయించాను, వేళ్ళు లెక్కపెట్టించాను. నోటితో నాలుగూ చెప్పేది. చెయ్యి మృదంగం మీద పడగానే మళ్ళీ మూడే. ఆరో వారం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలోకి వెళ్ళి ఆయనతో ఆ మాట అనేశాను.

ఆయన బల్ల మీంచి లేచాడు. "అట్లాగా అండీ" అన్నాడు. ఆ పిల్ల లోపలికెళ్ళి మృదంగానికున్న రవ్వ బిళ్ళ జాగ్రత్తగా గీకి, కాగితంలో పెట్టి, నా బల్ల మీద పెట్టింది. మృదంగానికి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. పై ఆదివారం రాలేదు.

పక్క గదిలో పాట చెప్పే మేడమ్ నాకంటే రెండేళ్ళు చిన్న, మా పాఠశాలలో నన్ను తిట్టగల ఏకైక మనిషి. మా గదుల మధ్య గోడ ఉందంటే ఉంది, లేదంటే లేదు. నా క్లాసంతా ఆవిడకి వినపడేది, ఆవిడ క్లాసంతా నాకు.

"ఆ పెడన పిల్ల ఏదండీ?" అంది ఆదివారం క్లాసు అయ్యాక.

"లయ లేదు మేడమ్. పంపేశాను" అన్నాను గొప్పగా.

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అలా పెట్టిందంటే నాకు మూడిందని అర్థం. "మాస్టారూ, లయ లేని పిల్లలు రోజుకో చోట తప్పుతారు. అవునా? మీ చేతుల మీదుగా ఎంతమందిని చూశారు! ఈ పిల్ల ఆరు వారాలుగా ఒకే చోట తప్పుతోంది. గోడ ఇవతల కూర్చుని నేను తాళం వేసి చూశాను. ఆ మూడు దెబ్బల మధ్య ఎడం ఉందే, వెంట్రుకవాసి తేడా రాలేదు. తప్పు అంత శుద్ధంగా ఉంటుందా? అది దేన్నో పట్టుకుని వాయిస్తోంది. అదేంటో కనుక్కోకుండా పిల్లని పంపేశారు. ఏం మాస్టారండీ మీరు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత పొడుగు సర్వీసు చేసి, పక్క గదిలో పాట చెప్పే ఆవిడకి వినపడింది ఎదురుగా కూర్చున్న నాకు వినపడలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదంటే నమ్మండి.

రెండో శనివారం సెలవు వచ్చింది. బందరు ప్యాసింజరు ఎక్కి పెడనలో దిగాను. వీధిపేరు తెలీదు. "ఆదివారం బెజవాడ వెళ్ళే మృదంగం పాప" అన్నాను ఆటో అబ్బాయితో. "ఓ, ఆ పిల్లా! నా ఆటో టాపు కూడా వాయిస్తదండీ" అని నేరుగా తీసుకెళ్ళి దింపాడు.

రేకుల షెడ్డు. బయట పసుపుపచ్చగా, కరక్కాయ వాసన కొడుతూ బట్టలు ఆరేసి ఉన్నాయి. లోపల పొడుగాటి బల్లలు, బల్లల మీద తడి గోనెపట్టాలు పరిచి, వాటి మీద బట్ట లాగి పెట్టారు. ఏడెనిమిది మంది నిలబడి అద్దుతున్నారు. నేను గుమ్మంలో చెప్పులు విడిచి ఒక కాలు లోపల పెట్టాను, అంతే. అక్కడే ఆగిపోయాను.

ఆ చప్పుడు!

చెక్క అచ్చుని రంగులో ముంచుతారు. మెత్తటి చప్పుడు. తెచ్చి బట్ట మీద పెడతారు. ఇంకో మెత్తటి చప్పుడు. పిడికిలితో దాని నెత్తిన ఒక్క గుద్దు గుద్దుతారు. ధన్! మళ్ళీ ముంచడం, పెట్టడం, గుద్దడం. ముంచి, పెట్టి, గుద్ది. తకిట. తకిట. తకిట. ఆ బల్ల దగ్గర ముసలాయనదీ అదే నడక, ఈ బల్ల దగ్గర అమ్మాయిదీ అదే నడక. ఒకరు ముందు, ఒకరు వెనక, కానీ అందరివీ మూడు దెబ్బలే. షెడ్డంతా మూడు మీద నడుస్తోంది. ఆ పిల్ల ఈ చప్పుడులో ఉయ్యాల ఊగింది, ఈ చప్పుడులో అన్నం తింది, ఈ చప్పుడు వింటూ హోంవర్కు చేసింది. దానికి నేను నాలుగు చెప్పి, నాలుగోది రాకపోతే లయ లేదన్నాను! లయ లేకపోవడమేమిటి, ఇంట్లో షెడ్డు నిండా పెట్టుకుంది.

నాకు ఒళ్ళు పులకరించిపోయింది. అక్కడే బట్టల మూట మీద కూలబడి తొడ మీద తకిట వేయడం మొదలుపెట్టాను. పనివాళ్ళు ఆపి చూశారు. "ఆపకండి, ఆపకండి!" అని అరిచాను. వాళ్ళు ఎవరో పిచ్చాయన వచ్చాడనుకుని ఉంటారు.

తండ్రి పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక తలుపు చాటు నుంచి రెండు కళ్ళు కనిపించాయి.

"ఇలా రావే" అన్నాను.

రాలేదు.

లేచి నేనే వెళ్ళాను. అంతమంది ముందు నాకు నామోషీగానే ఉంది, అయినా చెప్పాను. "తప్పు నాదమ్మా. నీకు లయ ఉంది. నాకే చెవులు లేవు."

తలుపు చాటు నుంచి ఒక అడుగు బయటికి వేసింది. "మరి ఆ రోజు అట్లా అన్నారేంటి?"

"కోపంలో అన్నాను."

"మా మామ్మ కూడా కోపంలో అంటది. తర్వాత జంతిక ఇస్తది."

నేను చేతులూపుకుంటూ వెళ్ళాను. జంతిక కాదు గదా, బిస్కెట్ ప్యాకెట్టు కూడా లేదు. అప్పటికప్పుడు ఒక మాటిచ్చాను. ఆ రోజు నుంచి క్లాసులో అన్ని మృదంగాలకీ రవ్వ పెట్టే అధికారం దానిదే. ముఖం వెలిగిపోయింది. "పెద్దపిల్లలవి కూడానా?" అని అడిగి ఖాయం చేసుకుంది.

అప్పుడు వాళ్ళ మామ్మ లోపల్నుంచి వచ్చింది. "ఆడపిల్లకి ఈ బాదుడెందుకు బాబూ? పాట నేర్పించకూడదూ?" అంది. తండ్రి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "మాస్టారూ, మీరు ఇంత దూరం వచ్చారు, కాదనలేను. కానీ ఆదివారం కూడా మాకు పనే అండీ. నేను బల్ల దగ్గర లేకపోతే రంగు ఒక చోట ముదురు, ఒక చోట లేత వచ్చేస్తది. ఒక్క సంవత్సరం చూస్తాను. వేసవిలో పరీక్ష ఉంటదన్నారు గదా, అది పాసైతే సరే. లేదంటే ఇంక మమ్మల్ని అడగొద్దు." ఆ మాట ఆ పిల్ల కూడా విన్నది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది, ముందు తప్పు చేసింది నేను.

ఆ ఆదివారం నుంచి మా గురువుల వరస తిరగేశాను. నాలుగు పక్కన పెట్టి, మూడుతో మొదలుపెట్టాను. తకిట అన్నాను. ఆ పిల్ల వాయించింది చూడండీ! నేను 'వేగం పెంచు' అంటే పెంచింది. 'సగానికి తగ్గించు' అంటే తగ్గించింది. ఎడమ చెయ్యి ఆ గుద్దు బరువుతో పడుతుంటే గదిలో బల్ల మీద గ్లాసు కదిలింది. పక్క గదిలో పాట ఆగిపోయింది. మేడమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నాకు అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

అక్కణ్ణుంచి ఆ పిల్లని పట్టుకోవడం నావల్ల కాలేదు. ఒక పాఠం ఇస్తే వారానికి రెండు అడిగేది. రైల్లో కిటికీ చెక్క మీద వాయించేదట. టికెట్లు చూడ్డానికి వచ్చినాయన కాసేపు నిలబడి తాళం వేసి, టికెట్ అడగడం మర్చిపోయి వెళ్ళాడని తండ్రి చెప్పాడు. స్కూల్లో బెంచీ మీద వాయించినందుకు రెండుసార్లు బయట నిలబెట్టారట. "బయట నిలబెడితే గోడ ఉంటదండి" అని నాకు చెప్పింది సంతోషంగా. నేను గడియారం చూడ్డం మానేశాను. ఆదివారం ఎప్పుడొస్తుందా అని శనివారం నుంచే ఎదురు చూసేవాణ్ణి. ఆ వయసులో, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడికి, అంత ఉబలాటం! మా ఇంటావిడ నవ్వేది.

ఇంట్లో సాధన చేసుకోవడానికి నా పాత మృదంగం ఒకటి ఇచ్చి పంపాను. ఇక్కడ జరిగింది అసలు ఘోరం. రెండు వారాల తర్వాత ఆ మృదంగం మోసుకుంటూ, ముఖం నిండా నవ్వుతో వచ్చింది.

"మాస్టారూ, ఇంక మనం రోజూ రవ్వ పెట్టక్కర్లేదండి! ఊడకుండా చేశాను!"

ఎడమ మూత ముట్టుకుని చూశాను. రాయి. వాళ్ళ షెడ్డులో రంగు చిక్కబడడానికి తుమ్మజిగురు కలుపుతారు. ఈ మహాతల్లి రవ్వలో నీళ్ళకి బదులు ఆ జిగురు పోసి, ముద్ద చేసి, అంటించి, ఎండలో పెట్టింది! గోరుతో గీకాను, చెంచాతో గీకాను, తడిగుడ్డ వేసి గంట నానబెట్టాను. చివరికి ఊడింది, తోలుతో సహా.

నోటిదాకా వచ్చింది కేక. ఆ పిల్ల ముఖం చూశాను. నాకేదో మేలు చేశానన్న సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు ఆ ముఖంలో, పెదవి మాత్రం వణుకుతోంది. కేక మింగేశాను. జీవితంలో అదే మొదటిసారి అనుకుంటా. "మంచి ఆలోచనే గానీ, రేపు దీనికి ఆకలేస్తే ఏం పెడతావు?" అన్నాను. ఫక్కున నవ్వింది. కొత్త మూత వేయించుకున్నాం.

ఇదంతా బాగానే ఉంది, పరీక్ష మాత్రం నాలుగు మీదే. ఆది తాళం, అంటే ఎనిమిది లెక్కలు, నాలుగు దెబ్బల నడక. పాఠ్యక్రమం నాకోసం మారదు గదా. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. తకిట చెప్తే రైలింజన్. తకధిమి అనేసరికి మళ్ళీ ఆ నాలుగోది మాయం. ఈసారి నేను కోప్పడలేదు, భయపడ్డాను. మేడమ్ దగ్గరకెళ్ళి కూర్చున్నాను. "మీరు చెప్పకండి. దాన్నే కనుక్కోనివ్వండి" అంది ఆవిడ. చెప్పడం తేలికే. నా గుండె కొట్టుకునేది ఎవరికి తెలుసు?

మార్చిలో ఒక ఆదివారం, ఆ పిల్ల రైలు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. తండ్రి వెనక ఎక్కడో ఉన్నాడు. చెప్పులు ఒకటి వరండాలో, ఒకటి మెట్ల మీద. రొప్పుతోంది.

"మాస్టారూ! ఎత్తడం! మనం ఎత్తడం లెక్కపెట్టలేదు!"

"ఏం ఎత్తడమే?"

"అచ్చు! ముంచుతాం, పెడతాం, గుద్దుతాం. తర్వాత ఎత్తాలి గదండి! ఎత్తకపోతే మళ్ళీ ఎట్లా ముంచుతాం? చప్పుడు రాదు గదా అని నేను వదిలేశాను. నిన్న మా నాన్న పక్కన నిలబడి చూస్తే కనపడింది. ముంచు, పెట్టు, గుద్దు, ఎత్తు! నాలుగు!"

కింద కూర్చుని వాయించింది. ముంచు, పెట్టు, గుద్దు, ఎత్తు. తకధిమి. తకధిమి. తకధిమి. ఒక్కటి పోలేదు. ఆ 'మి' దగ్గర చెయ్యి గాలిలోకి లేచి, మెత్తగా వేలితో దిగేది. నేను చేతితో తాళం వేస్తున్నాను, కళ్ళు మసకబారుతున్నాయి, నవ్వుతున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, నాకు పాఠం చెప్పింది. అప్పటిదాకా నేను వేలమందికి తకధిమి చెప్పి ఉంటాను, ఆ నాలుగో అక్షరం ఎందుకుందో ఎవరికీ అలా చెప్పలేదు. నాకే తెలీదు.

ఇక పరీక్ష రోజు. మే నెల, బెజవాడ ఎండ. మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండకి మృదంగం తోలు బిగిసిపోయి శ్రుతి పైకి పోతుంటుంది, కూర్చుని దింపడమే పని. పరీక్ష చేసేందుకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వయొలిన్ విద్వాంసులు, మితభాషి, ముఖంలో ఏ భావమూ కనిపించని మనిషి. సొంత మాస్టార్లు లోపలికి వెళ్ళకూడదు. నేను వరండాలో, తండ్రి పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతులు మాత్రం అలాగే ఎర్రగా ఉన్నాయి. 

తలుపు వేశారు. మొదలైంది. తకధిమి సాఫీగా నడిచింది. తాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తం, రెండు, మూడు. నేను వేళ్ళు లెక్కపెడుతున్నాను. ఇంతలో చప్పుడు మారింది.  మూడులోకి వెళ్ళిపోయింది! తకిట తకిట అంటోంది. అయిపోయింది, భయంలో పాత అలవాటు తన్నుకొచ్చింది అనుకున్నాను. కానీ తాళం తప్పలేదు. ఎనిమిది లెక్కలూ పూర్తిచేసి, సరిగ్గా మొదటి దెబ్బ మీద దిగి, మళ్ళీ నాలుగులోకి వచ్చింది. అది పొరపాటు కాదు. కావాలని వెళ్ళి, కావాలని వచ్చింది! నేను నేర్పలేదండీ అది. ఆ వయసు పిల్లలకి ఎవరూ నేర్పరు. ఎగిరి గంతెయ్యాలనిపించింది, బల్ల పట్టుకుని కూర్చున్నాను.

ఇక మిగిలింది ముక్తాయింపు. అంటే చివర్లో ఒకే ముక్కని మూడుసార్లు వాయించి, తాళం మొదటి దెబ్బ మీద వచ్చి ఆగడం. ఏ వాద్యగాడికైనా అదే అసలు రుచి. దాని ముందు అల్లిక మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి "చాలమ్మా" అని వినపడింది.

తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల బయటికొచ్చింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం నల్లబడిపోయింది.  ఫెయిలయిందనుకున్నాడు. దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. "పోనీలే తల్లీ. ఏం కాదు. ఇంటికెళ్ళిపోదాం పద" అన్నాడు. మృదంగం సంచీ కూడా చేతిలోకి తీసుకున్నాడు. అడుగు ముందుకేస్తే అయిపోతుంది, నా ఏడాది, దాని ఏడాది. 

"ఇంటికెందుకు?" అని అరిచింది ఆ పిల్ల, కన్నీళ్ళు తుడుచుకుంటూ. "ఆయన మధ్యలో ఆపేశారు నాన్నా! ముక్తాయింపు కాలేదు! ఇంకా నాలుగు ఆవర్తాలున్నాయి! ఇప్పుడెట్లా?"

పరీక్షలో చాలు అన్నారంటే వినాల్సింది విన్నారని అర్థం. మనకి తెలుసు. దానికెవరు చెప్పారు? మంచి కథలో చివరి పేజీ చింపేసినట్టుగా ఉంది దానికి.

 తండ్రి చేతిలో సంచీ కింద పెట్టాడు. మృదంగం తీసి, వరండా నేల మీద చొక్కా జేబులో చేతిరుమాలు తీసి పరిచి, దాని మీద పెట్టాడు. "ఎవరు ఆపుతారో చూస్తాను. నువ్వు కానియ్యి" అన్నాడు.

అది కూర్చుంది. మొదటి నుంచి మొదలుపెట్టింది, మధ్యలోంచి కాదు! ఆ తర్వాతి నంబరు పిల్లలు చుట్టూ చేరారు. మేడమ్ వచ్చింది. నేను గొంతుక్కూర్చుని తాళం వేశాను. నాలుగు, తర్వాత ఆ మూడు, మళ్ళీ నాలుగు. ముక్తాయింపు వచ్చింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి, దాని ఎడమ చెయ్యి పిడికిలంత బరువుతో దిగి, ధన్ మని మొదటి దెబ్బ మీద ఆగింది. సరిగ్గా అదే క్షణాన నా వెనక ఇంకెవరిదో కూడా తాళం దెబ్బ పడింది. తిరిగి చూస్తే పరీక్ష చేసిన పెద్దాయన గుమ్మంలో నిలబడి తాళం వేస్తున్నారు. నావైపు ఒక్కసారి తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

తండ్రి మృదంగం తిరిగి సంచీలో పెడుతూ, తలెత్తకుండా అన్నాడు, "పాసో ఫెయిలో ఆ కాగితం సంగతి మీరు చూసుకోండి మాస్టారూ. వచ్చే ఆదివారం క్లాసు ఉందా? వేసవి సెలవులంటే ఊరుకోదండీ ఇది."

ఫలితాలు నెలకి గానీ రాలేదు. బోర్డు మీద ఆ నంబరు చూశాను. అక్కడే నిలబడి పెడనకి ఫోన్ చేశాను. "మొదటి శ్రేణి అండీ! మొదటి శ్రేణి!" అని కేకలేశాను. ఇంత వయసొచ్చి రోడ్డు మీదవాళ్ళు తిరిగి చూసేలా అరిచాను.

"చాలా సంతోషం మాస్టారూ" అన్నాడాయన గొంతు తగ్గించి. "దానికి చెప్తానండీ. ఇప్పుడు మాత్రం కాదు. వాయిస్తోంది. మధ్యలో పిలిస్తే నన్ను చంపేస్తది."

నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టెయ్యలేదు. ముక్తాయింపు అయ్యేదాకా ఇద్దరం అలాగే విన్నాం.